మిర్యాలగూడ స్టేషన్ ముందు మిగిలిపోయిన ఫ్లెక్సీ

సూర్యాపేటలో నాది ఫ్లెక్సీల దుకాణం. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లోవాళ్ల సంతోషాలన్నీ నా మిషన్‌లోంచే బయటికొస్తున్నాయి. పెళ్లిళ్లు, పదవులు, ఓణీల ఫంక్షన్లు, ఆఖరికి ఒకాయన పెంచుకున్న కుక్క పుట్టినరోజుకు కూడా నేనే వేశాను. కుక్క ఫోటో కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల మొహాలు ఇరవై దాకా గుండ్రంగా పెట్టమన్నారు, పెట్టాను. తన ఫోటో చిన్నగా వచ్చిందని వాళ్లలో ఒకతను కొట్లాటకు వచ్చాడు. "ఏందయ్యా, పుట్టినరోజు కుక్కదా, నీదా?" అన్నాను. నా నోరు అలాంటిది. కోపం కూడా అలాంటిదే, వచ్చిందంటే ముందు మాట బయటపడుతుంది, తర్వాత ఆలోచన వస్తుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఫలితం వచ్చేదాకా ఆగితే పని పక్క దుకాణానికి పోతుంది. అందుకే ఓట్ల లెక్కింపు రోజు పొద్దున్నే ఇద్దరు అభ్యర్థుల విజయోత్సవ ఫ్లెక్సీలూ చుట్టి సిద్ధంగా పెట్టుకుంటాను. గెలిచినాయనది మధ్యాహ్నానికల్లా చౌరస్తాకు ఎక్కుతుంది. ఓడినాయనది ఎవరో ఒక రైతు అడిగి తీసుకుపోయి వడ్ల రాశి మీద కప్పుకుంటాడు. ఇలా ముందే కొట్టిపెట్టడం నీకు అలవాటు దాటి రోగమైందని మా ఆవిడ అంటుంది. డిజైన్లన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని ఆమే చేస్తుంది కాబట్టి అనే హక్కు ఆమెకుంది. ఆ రోగమే నన్ను నా మేనకోడలి ముందు తలదించుకునేలా చేసింది.

మా అక్క మిర్యాలగూడలో రైస్‌మిల్లులో పనిచేస్తుంది. బావ లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పిల్ల మిల్లు కళ్లంలోనే పెరిగింది. ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కళ్లం మీద ఆరబోసి, కాళ్లతో సాళ్లు తీస్తూ తిప్పాలి. అది అక్క పని. పిల్ల తల్లి ముందు తిరిగేది, మొదట్లో నడిచేది, తర్వాత ఉరికేది. ఎండాకాలం ఒకసారి వెళ్లినప్పుడు చూసి, "కాళ్లు గాల్తయ్ బిడ్డా, నీడకు రా" అన్నాను. "ఉరికితే గాలయ్ మామా" అంది. అప్పుడు దానికి ఏడేళ్లు.

పన్నెండేళ్లప్పుడు బడి పోటీల్లో తనకంటే పెద్ద పిల్లలందర్నీ దాటేసిందని పీఈటీ సారు అక్కకు కబురు పెట్టాడు. బిడ్డ ఏం తప్పు చేసిందోనని అక్క భయపడి నన్ను పిలిపించుకుంది. ఆ సారు చెప్పిందల్లా ఒకటే, కోదాడలో మంచి కోచ్ ఉన్నాడు, హాస్టల్లో వెయ్యండి అని. అక్క వద్దని మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు నేనే పిల్లను బండి మీద ఎక్కించుకుని కోదాడ తీసుకుపోయాను. అప్పట్నుంచి ఏడేళ్లపాటు ఆదివారం పొద్దున అయిందంటే నేను కోదాడ గ్రౌండ్ గట్టు మీద ఉండేవాణ్ని. పందేల రోజు రొమ్ముకు పెట్టుకునే నంబర్లు ఫ్లెక్సీ కత్తిరింపుల మీద నేనే కొట్టి ఇచ్చేవాణ్ని. ఒకసారి తొందరలో అంకె పక్కన ఎవరో నాయకుడి సగం మీసం మిగిలిపోయింది. ఆ మీసంతోనే ఉరికి గెలిచి వచ్చింది. ఆ తర్వాత ప్రతి పందేనికీ, "మామా, మీసం నంబరే గావాలె" అని నా ప్రాణం తీసేది.

దానిది ఎనిమిది వందల మీటర్లు, ట్రాక్ చుట్టూ రెండు చుట్లు. జిల్లా అయింది, రాష్ట్రం అయింది, దేశం అయింది. పోయిన యాసంగి పంట కాలంలో అంతర్జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలకు మన దేశం తరఫున పోయే జట్టులో దాని పేరు వచ్చింది. ఆ వార్త విన్నరోజు దుకాణంలోకి ఎవరొచ్చినా మొదట అదే చెప్పాను. పెళ్లి ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్లు పెళ్లికూతురి ఫోటో చేతిలో పట్టుకుని అరగంట నా మాటలు విన్నారు పాపం.

కోదాడ నుంచి హైదరాబాద్ శిబిరానికి పోతూ పిల్ల సూర్యాపేట బస్టాండులో పది నిమిషాలు దిగింది. చాయ్ తాగించాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"మామా, ఒక్క మాట. నేను ఉరికేదాక ఏం గట్టకు. ఒక్క ఫ్లెక్సీ గూడ వద్దు."

"ఎందుకు బిడ్డా?"

"నాకు భయమైతది. గాడ గీత మీద నిలవడ్డప్పుడు నాకు సూర్యాపేట చౌరస్తా యాదికి రావద్దు."

"నీ మీద ఒట్టు బిడ్డా, కట్ట" అని దాని నెత్తి మీద చెయ్యి పెట్టాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

మొదటి వడపోత పందెంలో రెండో స్థానంలో వచ్చింది. సెమీఫైనల్లో మొదటి స్థానం. ఆ ఫలితం ఫోన్లో చూసిన క్షణం నుంచి నేను నేను కాదు. ఫైనల్ మర్నాడు సాయంత్రం. సరిగ్గా ఫైనల్ తర్వాతి రోజే ఒక నాయకుడి పుట్టినరోజు వచ్చిపడింది. చౌరస్తాలో, బస్టాండు ముందు, కోదాడ బైపాస్ దగ్గర, మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులో ఒక్క జాగా మిగలదు. ఆ ఫ్లెక్సీలు కొట్టేది కూడా నేనే కాబట్టి ఎన్ని వస్తున్నాయో నాకు తెలుసు. ఊరందరి మొహాలూ గోడలకెక్కి, మా పిల్లకు జాగా లేకుండా పోతుందా? ఒళ్లు మండింది.

మా ఆవిడతో డిజైన్ చెయ్యమన్నాను. ఆమె మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం. పిల్లకు ఒట్టు వెట్టినవ్ గదయ్యా!"

"అది గెలుస్తది."

"గెల్వనియ్. గెలిచినంక కడ్దువు."

"గెలిచినంక జాగా యాడుంటదే?"

"నేన్ జెయ్య. నీకు చేతనైతే నువ్వే జేస్కో" అని లేచి వంటింట్లోకి పోయింది.

నాకు చేతకాదు. అయినా చేశాను. కోదాడ గ్రౌండులో నేను తీసిన ఫోటో పెట్టాను, ఇంటర్‌నెట్‌లోంచి ఒక బంగారు పతకం తెచ్చి దాని మెడలో వేశాను. అది ఎంత తిప్పినా ఎడమ భుజం మీదికే ఒరిగింది. పైన పెద్ద అక్షరాలతో 'అంతర్జాతీయ జూనియర్ ఛాంపియన్‌కు ఘన స్వాగతం' అని రాసి, కింద గుండ్రంగా నా ఫోటో ఒక్కటే పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్లలో నా ఫోటోతో నేను వేసుకున్న మొదటి ఫ్లెక్సీ అది. ఏడు కొట్టాను. సూర్యాపేటలో మూడు, కోదాడలో రెండు నేనే దగ్గరుండి కట్టించాను. మిర్యాలగూడవి రెండూ అక్కడ ఫ్లెక్సీలు కట్టే అతనికి బస్సులో పంపాను. గాలికి ఊడకుండా ఇనప తీగతో బిగించమని ఫోన్లో మరీ మరీ చెప్పాను. ఫైనల్ రోజు మధ్యాహ్నానికి అన్నీ పైకెక్కాయి. చౌరస్తాలో నిలబడి తలెత్తి చూసుకుంటే ఛాతీ ఉప్పొంగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సాయంత్రం దుకాణం ముందు జనం. నా డిజైన్ కంప్యూటర్ తెర మీదే పందెం పెట్టాం. పక్క చాయ్ హోటలాయన స్టవ్ ఆర్పి మరీ వచ్చాడు. ఎనిమిది మంది గీత మీద నిలబడ్డారు. మా పిల్ల అందరికంటే పొట్టిది. కెమెరా దాని దగ్గరికి వచ్చినప్పుడు అది కిందికి చూస్తూ రెండు పాదాలూ నేలకు రుద్దింది, కళ్లంలో వడ్లు తిప్పేముందు చేసినట్టే.

తుపాకీ పేలింది. మొదటి చుట్టు సగంలో ఎవరిదో మోచేయి తగిలి మా పిల్ల పక్కకు తూలింది. నిలదొక్కుకునేసరికి అందరికంటే వెనక పడింది. ఆఖరి చుట్టు గంట కొట్టినప్పుడు ఎనిమిదోది. "పాయె" అన్నాడు హోటలాయన. నాకు ఏం వినపడలేదు, తెర ఒక్కటే కనపడుతోంది. ఆఖరి మలుపులో ఒకామెను దాటింది. మలుపు తిరిగాక బయటివైపు నుంచి ఇంకొకామెను. గీతకు పది అడుగుల దూరంలో మూడో ఆమెను. అంతే, పందెం అయిపోయింది. ఐదు.

మా ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఐదయ్యా! లోకంల ఐదు! మన పిల్ల!" అంటూ నా భుజం మీద కొట్టింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నిచ్చెన యాడుంది?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే దించడం మొదలుపెట్టాను. బస్టాండు ముందర ఒకతను, "ఏందన్నా, బంగారం ఇత్తడైందా?" అన్నాడు. కాలర్ పట్టుకోబోయి ఆగాను. కోదాడ బైపాస్ దగ్గర పండ్ల బండి ఆమె, "తీసేస్తున్నారేంటండీ? కప్పు రాలేదా అమ్మాయికి?" అని జాలిగా అడిగింది. ఆ జాలికి తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్లు పోసుకున్న రైతు ఒకాయన నా ట్రాలీ ఆటో ఆపి, "జర ఒకటియ్యి తమ్మీ, వానొచ్చేటట్టుంది" అన్నాడు. ఒకటేం, ఐదూ ఇచ్చేశాను. మిర్యాలగూడ అతనికి ఫోన్ చేస్తే, "తీసేసిన అన్నా, రెండూ తీసేసిన" అన్నాడు. పీడ విరగడైందనుకున్నాను. పిల్ల వచ్చే దారిలో దాని కంట అబద్ధం పడకూడదు, అదొక్కటే నా బాధ. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

దాన్ని కారులో సూర్యాపేట మీదుగా తీసుకొస్తామని కోచ్ అన్నాడు. నాలుగో రోజు పొద్దున అదే ఫోన్ చేసింది. "మామా, కారు వద్దన్న. సికింద్రాబాద్‌ల రైలెక్కిన. ముందు అమ్మను సూడాలె. నువ్వూ అత్తా మిర్యాలగూడ రాండ్రి" అంది. ఫైనల్ గురించి నేనేమీ అనలేదు, అదీ అనలేదు.

మేం మిర్యాలగూడ చేరి, మిల్లు దగ్గర అక్కను ఎక్కించుకుని, స్టేషన్ రోడ్డులోకి మలుపు తిరిగామో లేదో బండికి బ్రేకు కొట్టాను. స్టేషన్‌కు ఎదురుగా కరెంటు స్తంభానికి, వేప చెట్టుకు మధ్య నా ఫ్లెక్సీ. మెడలో ఒరిగిన బంగారు పతకం, కింద నవ్వుతూ నేను. ఆ కట్టేవాడు ఒకటే తీసి రెండూ తీశానన్నాడు. నోటికొచ్చిన తిట్టు తిట్టి, ట్రాలీ టాపు మీదికెక్కి తీగ విప్పబోయాను. విప్పలేకపోయాను. మరీ మరీ చెప్పి బిగించమన్నది నేనే కదా! వేలు తెగింది. కింద నుంచి మా ఆవిడ, "అయ్యో, రైలొచ్చిందయ్యా, దిగు" అంటోంది. ఒక మూల ఊడి, నా ఫోటో ఉన్న వైపు కిందికి వేలాడింది.

అప్పుడే పిల్ల బయటికొచ్చింది. వీపున సంచి, ఒంటి మీద దేశం పేరున్న నీలం చొక్కా. తల్లిని కౌగిలించుకుంది. అత్త కాళ్లకు మొక్కింది. తర్వాత తలెత్తి ట్రాలీ మీద ఫ్లెక్సీని కరుచుకుని నిలబడ్డ నన్ను చూసింది.

కాసేపు చదివింది. మొదట దానికి నవ్వొచ్చింది.

"గీ పతకం అత్త వెట్టింది గాదు, ఎట్ల ఒంగిందో సూడు" అంది. తర్వాత, "ఎప్పుడు గట్టినవ్ మామా?" అని అడిగింది.

"ఫైనల్ నాడు మధ్యాహ్నం."

"ఇంకెన్ని కట్టినవ్?"

"ఇంకారు."

"అవి యాడున్నయ్?"

"తీసేసిన బిడ్డా. దించేసిన. ఎవ్వరూ సూడరిగ, నువ్వు పరేషాన్ గాకు. తప్పైంది."

దాని మొహంలో నవ్వు పోయింది. "దిగు మామా" అంది. దిగాను. పుట్టినప్పటి నుంచి నేను చూస్తున్న పిల్ల, నా భుజం దాకా కూడా రాదు, దాని ముందు నేను బడి పిల్లాడిలా నిలబడ్డాను.

"ఒట్టు దప్పినవ్. కోపమొచ్చింది, గని సరే. నా మీద ఆశతోటి కట్టినవ్ అనుకుంట. మల్ల ఎందుకు దించినవ్?"

"అబద్ధం గద బిడ్డా..."

"అబద్ధమని దించినవా, ఐదొచ్చిందని దించినవా?"

తెగిన వేలు నొక్కుకుంటూ తలదించుకున్నాను.

"గంట గొట్టినప్పుడు నేను ఆఖరిదాన్ని మామా. మోచెయ్యి తగిలి కడుపుల గింత నొప్పి. ఇగ ఆగుదామనుకున్న. అయినా ఉరికిన. ముగ్గుర్ని దాటిన. నా బతుకుల గంత జోరుగ నేనెప్పుడు ఉరకలే. గీత దాటి పడిపోయి, మామ సూసిండు, మామకు తెలుస్తది అనుకున్న. నువ్వేమో నిచ్చెనేసుకోని తిరిగినవ్."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నావి ఎప్పుడో కారుతున్నాయి, స్టేషన్ ముందు ఆటోవాళ్లంతా చూస్తున్నారని కూడా అనిపించలేదు. అక్కకు ఈ గొడవంతా సగమే అర్థమైంది. కొంగుతో బిడ్డ మొహం తుడుస్తూ అడిగింది.

"ఎంతమంది ఉరికిన్రు బిడ్డా?"

"ఆఖరికి ఎనిమిదిమందిమి అమ్మా. గక్కడిదాక రాకుంట దేశదేశాలోళ్లు ఆగిపోయిన్రు."

అక్క నా వైపు తిరిగింది. "మరి మంచిగ ఉరికింది గదరా. నువ్వెందుకు దించుతున్నవ్?" అంది. నిజంగా తెలియకే అడిగింది.

నేను పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. "బుద్ధి గడ్డి తిన్నది బిడ్డా" అన్నాను. అంతకుమించి చెప్పడానికి ఏముంది?

పిల్ల ఫ్లెక్సీ వైపు తిరిగింది. "పేరు తప్పువడితే ఏం జేస్తవ్ మామా నువ్వు?"

"అతుకేస్త." మా పనిలో అక్షరం తప్పుపడితే మొత్తం పారెయ్యం, సరైన ముక్క ప్రింటు తీసి దాని మీద అతికిస్తాం.

"మరి గదే జెయ్యి. ఉన్నదే రాయి. ఏడూ కట్టాలె."

స్టేషన్ ముందుదీ, కట్టే అతని దగ్గరున్న రెండోదీ ట్రాలీలో వేసుకుని, ఆ సాయంత్రమే నలుగురం సూర్యాపేట వచ్చాం. మా ఆవిడ ఈసారి పిలవకుండానే కంప్యూటర్ ముందు కూర్చుంది. 'ఛాంపియన్‌కు' అన్నచోట అతికేలా 'ఫైనల్‌లో ఐదో స్థానానికి' అని చేసింది. వంకర పతకం మీద ఏం అతకాలన్నది తేలలేదు. పిల్ల సంచిలోంచి మడత పెట్టిన నంబరు తీసింది, ఫైనల్లో రొమ్ముకు పెట్టుకున్నది. దేశం పేరు, అంకె, నాలుగు మూలలా పిన్నుల రంధ్రాలు, ఒక అంచున ఎండిన చెమట మరక. దాన్నే స్కాన్ చేసి పతకానికి సరిపోయేలా తీశాం. "నాయకుని మీసమొక్కటే తక్కువైంది మామా" అంది పిల్ల. ఫైనల్ తర్వాత నేను నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు మార్కెట్ యార్డుకు పోయాం. రైతు వడ్ల మీద నా ఐదు ఫ్లెక్సీలూ పరిచి ఉన్నాయి. పొద్దున కురిసిన వానకు మా పిల్ల మొహం ఐదు చోట్లా మెరుస్తోంది. ఇమ్మంటే ఆయన ససేమిరా అన్నాడు. "గీ మబ్బుల తీస్తనా? నా వడ్లు మొలకలొస్తయ్. కాంటా అయినంక తీస్కపో" అన్నాడు. నాకు అరవాలనిపించింది. పిల్ల ఆపింది. "ఉండనియ్ మామా. గీడనే అతుకెయ్యి" అని తనే చెప్పులు విడిచి, రాశి చెదరకుండా పాదాలు ఆనించి ఎక్కి, గుడ్డతో తడి తుడిచింది. నేను కింద నుంచి అతుకులు అందించాను. అలా వడ్ల రాశి మీద ఐదు ఫ్లెక్సీలూ సరైనవి అయ్యాయి. రైతు వచ్చి కూడబలుక్కుని చదివాడు. "గీ పిల్లవేనా నువ్వు? నా వడ్లను కాపాడింది నువ్వేనా?" అని దాని నెత్తి నిమిరాడు. కాంటా వేసి వడ్లు తూచాక ఐదింటినీ కడిగి, చుట్టి, తనే దుకాణానికి తెచ్చిచ్చాడు.

ఆ వారంలో ఏడూ మళ్లీ ఎక్కించాను. చౌరస్తాది ఆఖరున. నిచ్చెన మీద ఉండగా చాయ్ హోటలాయన వచ్చి కింద నిలబడ్డాడు, తలెత్తి గట్టిగా చదివాడు.

"ఏందన్నా, ఐదో స్థానానికి గూడ ఫ్లెక్సీ కడ్తరా?"

మామూలుగా అయితే నా నోటికి ఆయన ఆ రోజు చాయ్ అమ్ముకోలేకపోయేవాడు. నాకు కోపం రాలేదు. చేతిలో ఉన్న తాడు కొస కిందికి వదిలాను.

"ఆ కొస జర గట్టిగ పట్టుకో అన్నా. ఇది దించేది గాదు."

ఆయన పట్టుకున్నాడు.